సైకిలక్క వైపు ఒరిగిన ఓడ

పొద్దున షట్టరు ఎత్తగానే సైకిలక్క చేసే మొదటి పని చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టడం. అమ్మకానికి ఉన్నవాటికీ, రిపేరుకి వచ్చినవాటికీ, అన్నిటికీ పెడుతుంది. ఆమెకి కోపం వస్తే నేల ఆమె వైపు వాలుతుంది. చెక్కలు లేకపోతే సైకిళ్ళన్నీ దొర్లుకుంటూ వచ్చి, తల్లికోడి చుట్టూ పిల్లల్లా ఆమె చుట్టూ చేరతాయి. వీధిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎదురు టీ కొట్టాయన గ్లాసులో టీ ఒక పక్కకి ఎగబాకితే, "అక్క దగ్గరికి తమ్ముడొచ్చినట్టున్నాడు" అనుకుని గ్లాసుని కాస్త వంచి పట్టుకుంటాడు. అంతే.

ఆ మాట ఉత్తినే అనేది కాదు. కోపం ఎవరి మీదైనా వచ్చేది కానీ, నేల బాగా వాలేది మాత్రం తమ్ముడి విషయంలోనే. అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక వాణ్ణి చదివించింది ఆమె. ఇద్దరి పేరా ఉన్న కొట్టు నడిపింది ఆమె. వంకరపోయిన చక్రాన్ని స్టాండుకి తగిలించి, ఒక్కో పుల్లా బిగిస్తూ, వదులుతూ బెండు తీయడంలో ఊళ్ళో ఆమె తర్వాతే ఎవరైనా. తమ్ముడికి చేతికి గ్రీజు అంటితే ఒళ్ళంతా అంటినట్టు ఉండేది. ఏదైనా కావాలంటేనే ఆ గుమ్మం తొక్కేవాడు. అక్క తిట్టేది. నేల వాలేది. వాడు బల్ల అంచు పట్టుకుని, జారిపోకుండా నిలబడి, తిట్లన్నీ అయ్యేదాకా వినేవాడు. తిట్టడం అయిపోయాక వాడు అడిగింది ఆమె ఇచ్చేది. మోటారు బండి అలాగే వచ్చింది, పెళ్ళి అలాగే అయింది. అక్క కోపం అంటే వాడికి వాన ముందు వచ్చే ఉరుము.

అలాంటివాడు ఒకరోజు ఓడ టికెట్లు తెచ్చి ఆమె రెంచీల పక్కన పెట్టాడు.

"ఏంట్రా ఇవి?"

"ఓడలో విహారం అక్కా. వారం రోజులు. నువ్వు, నేను, మా ఆవిడ. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజన్నా సెలవు తీసుకున్నావా నువ్వు?"

ఆమె టికెట్ల వంకా వాడి మొహం వంకా మార్చి మార్చి చూసింది. వాడు వచ్చి వెళ్ళినా నేల మట్టంగానే ఉన్న రోజు వీధికి అదే మొదటిది. టీ కొట్టాయన అలవాటుగా గ్లాసు వంచి, చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

సెలవు తీసుకోవడం కూడా ఆమెకి ఒక పనే. పని అంటే ముందు పనిముట్లు సర్దుకోవాలి. కొట్టుకి వచ్చినవాళ్ళలో ఓడ ఎక్కినవాళ్ళు ఎవరున్నారో వెతికి పట్టుకుని, గాలి కొడుతూనే వాళ్ళ దగ్గర ప్రతి సంగతీ లాగింది. గది ఓడకి నడిమధ్య, కింది అంతస్తులో అడిగి తీసుకుంది. చక్రం అంచు ఎంత గిరగిరా తిరిగినా ఇరుసు దగ్గర చీమ కూడా కదలకుండా కూర్చోవచ్చు, ఓడైనా అంతే కదా అని ఆమె లెక్క. తమ్ముడు మాత్రం పైన, కొసన, బాల్కనీ ఉన్న గది తీసుకుని మొదటి సాయంత్రమే వాంతులతో బకెట్టు పట్టుకున్నాడు.

"ఎక్కిన రోజు పెట్టెలు గదికి చేరేసరికి పొద్దుపోతుంది. ఒక జత బట్టలు, మందులు చేతిసంచిలో పెట్టుకోండి" అని ఆమె ముందే చెప్పింది. మరదలు పెట్టుకుంది. తమ్ముడు ఇస్త్రీ ప్యాంటుతో ఈతకొలను గట్టున కూర్చున్నాడు. అందరూ పైన వడ్డన బల్లల దగ్గర తోసుకుంటుంటే, "మొదటిరోజు మధ్యాహ్నం కింద భోజనశాల ఖాళీగా ఉంటుంది, అదే వంట, కూర్చోబెట్టి వడ్డిస్తారు" అని మరదల్ని అక్కడికి తీసుకెళ్ళింది. గది గోడలు ఇనుపరేకు కాబట్టి కొట్టు నుంచి తెచ్చిన అయస్కాంతపు కొక్కేలు తగిలించి తడి తువ్వాళ్ళు ఆరేసింది. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళని చూసి జాలిపడి మెట్లెక్కింది. తమ్ముడు ఒకసారి డబ్బు కడితే ఎంత కావాలంటే అంత తాగొచ్చనే పథకం ఒకటి కొనుక్కున్నాడు. ఆమె మనసులోనే లెక్క కట్టి, "మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గ్లాసు తాగితే గానీ గిట్టదురా అది" అంది.

"గిట్టిస్తా చూడు" అన్నాడు వాడు.

అలల ఊపు తప్ప మొదటిరోజు ఓడ ఎటూ ఒరగలేదు. రాత్రి పడుకోబోయే ముందు మరదలు, "వదినా, మీరు నవ్వితే బాగుంటారు" అంది. సైకిలక్క సిగ్గుపడి కొక్కేలు సర్దింది.

రెండోరోజు భోజనాల దగ్గర వాళ్ళ బల్లకి నాలుగో మనిషి వచ్చి కూర్చున్నాడు. పళ్ళు బాగుంటాయి కాబట్టి నవ్వుతాడో, నవ్వి నవ్వి పళ్ళు అలా అయ్యాయో తెలీదు. "ఓడలో పరిచయమయ్యారు అక్కా, చాలా మంచివారు" అన్నాడు తమ్ముడు. ఆ నవ్వులాయన సూపు అయ్యేవరకూ వాతావరణం గురించి మాట్లాడాడు. చేప వచ్చాక మూతి తుడుచుకుని, ఆమె వైపు తిరిగాడు.

"షోరూము తెరిచాక కూడా మీరు రావచ్చండి. వెనక మూల మీ పాత సైకిళ్ళకి కాస్త చోటు వదులుతాను. మీ జీతం సంగతి కూడా తమ్ముడుగారితో మాట్లాడేశాను."

"ఏ షోరూము?" అంది సైకిలక్క.

మరదలు ఒళ్ళో చేతిగుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"బ్యాటరీ స్కూటర్ల షోరూమండి. మీ కొట్టు మూలమీద ఉంది కదా, చక్కగా సరిపోతుంది. మీ తమ్ముడుగారు మీకు అన్నీ చెప్పేశానన్నారే" అని, అప్పుడు కూడా నవ్వుతూనే, "ఈ టికెట్లు మరి ఎవరు కొన్నారనుకున్నారు? ఇలాంటి మాటలు సముద్రం మీదైతే సాఫీగా జరుగుతాయని వారే అన్నారు" అన్నాడు.

ఉప్పుసీసా ముందు కదిలింది. బల్ల మీద మెల్లగా ఆమె వైపు వచ్చింది. దాని వెనక నాలుగు గ్లాసులు. పక్క బల్లల మీది చెంచాలు, రొట్టె బుట్టలు, ఎవరిదో కళ్ళజోడు. భోజనశాల అంతా ఆమె వైపు ఒరిగింది. వడ్డించేవాళ్ళు తడిగుడ్డలు పిండి పళ్ళేల కింద పరిచారు. ఒక ముసలాయన తన దగ్గరికి జారివచ్చిన పక్కవాళ్ళ కేకు తింటూ కూర్చున్నాడు.

"నన్ను ఓడెక్కించి అమ్ముతావురా?" అంది ఆమె తమ్ముడితో. గొంతు పెంచలేదు. "పోనీ ఎక్కించేముందు చెప్తే, నా టికెట్టు నేనే కొనుక్కునేదాన్ని కదరా. బేరానికి పోయే మేకకి ఆ మాత్రం రోషం ఉండదా?"

"అక్కా, నీ మంచికే. ఎన్నాళ్ళు ఆ గ్రీజులో..."

"గ్రీజు వల్లే నీ చొక్కా తెల్లగా ఉంది."

నవ్వులాయన తన పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, "తొందరేం లేదండి. ఓడ దిగేలోపు మీ ఇద్దరి సంతకాలూ అయితే చాలు. లేదంటే పక్క వీధిలో ఇంకో స్థలం చూసిపెట్టుకున్నాను" అన్నాడు.

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆమె ఎటు వెళ్తే ఓడ అటు ఒరిగింది. వెనక నుంచి తమ్ముడి మాట వినబడింది. వాడు ఆయన్ని ఓదారుస్తున్నాడు: "ఏం కంగారు పడకండి. మా అక్కది ఉరుమే. తిట్టనివ్వండి. అయిపోయాక సంతకం పెట్టేస్తుంది."

ఆ మాట విన్నాక ఓడ ఎంత ఒరిగిందంటే, ఈతకొలను సగం ఖాళీ అయింది.

కెప్టెన్ తన మనిషిని పంపాడు. తెల్లబట్టలు వేసుకున్న ఆఫీసరమ్మ వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, "అమ్మా, కోపం మీ ఇష్టం. కానీ పక్కలకి వెళ్ళకుండా నడిమధ్య మెట్ల దగ్గర ఉంటే మాకు సాయం చేసినవాళ్ళవుతారు" అంది. సైకిలక్క మర్నాడంతా నడిమధ్య మెట్ల మీద కూర్చుంది. ఓడ పక్కకి ఒరగడం మానేసి మధ్యలో గుంట పడ్డట్టు అయింది. పిల్లల బంతులు, చెప్పులు, గదులు ఊడ్చేవాళ్ళ చక్రాల బళ్ళు అన్నీ వచ్చి ఆమె చుట్టూ చేరాయి. ఎవరి వస్తువు పోయినా మెట్ల దగ్గరికి వచ్చి, "మాది నీలం రంగు చెప్పు" అని వెతుక్కుని తీసుకెళ్ళేవాళ్ళు. తమ్ముడు మాత్రం మూడుసార్లు వచ్చి, మెట్ల రెయిలింగు పట్టుకుని, తిట్లు తిని, "ఇంకా ఎంతసేపు పడుతుంది?" అన్నట్టు చూసి వెళ్ళాడు. కుక్కర్ విజిల్ లెక్కపెట్టేవాడి చూపు అది. ఆమెకి ఒళ్ళు మండింది. మండుతూనే, లోపల ఎక్కడో, పెట్టేస్తానేమో అని భయం వేసింది. ఎప్పుడూ జరిగింది అదే కదా.

ఆ మర్నాడు ఆఖరి రేవు. అక్కడినుంచి ఓడ నేరుగా ఇంటికే. పొద్దున్నే ఓడలో జనమంతా దిగి ఊరి మీద పడ్డారు. తమ్ముడూ నవ్వులాయనా కూడా దిగారు.

"బజారులో తిరిగి, కాసింత తిని వస్తాం. నువ్వూ రా అక్కా, మనసు మళ్ళుతుంది" అన్నాడు తమ్ముడు.

"నా మనసు సంగతి నీకెందుకు? నీ గడియారం చూసుకో. ఊళ్ళో టైము ఓడ టైముకి గంట వెనక. ఓడ దాని టైముకే పోతుంది."

"ఫోనుంది కదక్కా, అదే చూసుకుంటుంది" అని వాడు ఫోను ఊపుకుంటూ దిగిపోయాడు. వాడు గట్టు మీద కాలు పెట్టగానే ఫోను బుద్ధిగా ఊరి టైముకి మారిపోయింది. అది చేసేదే అంత. ఆ మార్పుని వాడు గమనించనే లేదు.

రేవులో ఓడ ఖాళీ అయినప్పుడే ఈతకొలను మనది అని ఎవరో చెప్పిన సలహా. సైకిలక్క మెట్ల మీది నుంచి లేచి, రేవు గోడ వైపున్న చిన్న కొలనులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నీళ్ళన్నీ ఆమె వైపుకి వచ్చి మోకాళ్ళు దాటాయి. ఎదుటి పక్కన కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మరదలికి అడుగున పలకలు తప్ప నీళ్ళు మిగలలేదు.

"నీకు తెలుసా?" అంది సైకిలక్క.

"తెలుసు వదినా."

"తెలిసే నేను నవ్వితే బాగుంటానన్నావా?"

మరదలు తల దించుకుంది. "అది నిజంగానే అన్నాను. ఇది చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్తే మీరు తిడతారు, తిట్టి సంతకం పెడతారు. అప్పుడు మధ్యలో చెడ్డదాన్ని నేను. ఊరుకుంటే చెడ్డది ఆయనే కదా అనుకున్నా."

"లెక్క బాగానే వచ్చునే నీకు" అంది సైకిలక్క. "నా అంత తిట్టుబోతు లేదని లోకమంతా అంటుంది. నేను పెట్టేస్తానని మాత్రం అందరికీ ముందే తెలుసు. నేనొక్కదాన్నే తెలియని వెర్రిదాన్ని."

మధ్యాహ్నం వాలింది. దిగినవాళ్ళు సంచులు మోసుకుంటూ తిరిగి వచ్చారు. అందరూ ఎక్కాల్సిన వేళ అయింది, దాటింది. మైకులో రెండు గది నంబర్లు పిలిచారు. ఒకటి తమ్ముడిది. మరదలు లేచి నిలబడింది.

ఆఫీసరమ్మ వచ్చింది, ఈసారి వంగి రెయిలింగు పట్టుకుని. "అమ్మా, ఇద్దరు రాలేదు. మామూలుగా అయితే ఆగం. కానీ మీరు ఇటు కూర్చున్నారు కాబట్టి ఓడ రేవు గోడని ఆనుకుని ఉంది. ఇలా కదిలితే పక్కరేకు చీరుకుపోతుంది. మిమ్మల్ని మధ్యకి పంపినా, అటు పంపినా ఓడ ఒక్కసారిగా లేచి తాళ్ళు తెగుతాయి. కెప్టెన్ గారు అడగమన్నారు, మీ కోపం ఇంకా ఎంతసేపు ఉండొచ్చు?"

"ఉంటే?"

"ఉంటే ఆగక తప్పదు. వాళ్ళకీ కలిసొస్తుంది. తగ్గితే బయల్దేరతాం. ఎందుకైనా మంచిది, మీ తమ్ముడుగారి పాస్‌పోర్టు తీసివ్వండి, రెండో ఆయనది మేం తీసుకుంటాం. రేవు ఏజెంటుకి ఇచ్చి పోతాం, ఇంటికి వాళ్ళ దారిన వాళ్ళు వస్తారు."

సైకిలక్క అదే పక్కనున్న తమ్ముడి గదికి వెళ్ళి పాస్‌పోర్టు తీసింది. దాంతోపాటు వాడి మాత్రలు, ఒక జత బట్టలు, ఫోను తీగ. ఏడిపించుకు తింటున్నవాడికి లోబట్టలు మడిచిపెడుతున్నందుకు తన చేతుల మీద తనకే కోపం వచ్చింది. అలమారా తలుపు టపామని తెరుచుకుని ఆమె వీపుకి తగిలింది. సంచి తెచ్చి ఆఫీసరమ్మకి ఇచ్చి, మళ్ళీ కొలనులో కాళ్ళు పెట్టుకునేసరికి మరదలి ఫోను మోగింది.

మరదలు వినకుండానే ఫోను చాపింది. "మీకే వదినా."

"అక్కా" అన్నాడు తమ్ముడు, రొప్పుతూ. వెనక బళ్ళ హారన్లు. "టైము పొరపాటైంది. టాక్సీలో ఉన్నాం. ఇరవై నిమిషాలు. ఓడ కదల్లేదు కదా?"

"లేదు."

"నాకు తెలుసు, నువ్వుండగా కదలదు. అక్కా, నీకు పుణ్యముంటుంది, ఇంకో ఇరవై నిమిషాలు కోపంగానే ఉండు. తిట్టుకో నన్ను. చిన్నప్పటినుంచీ చేసినవన్నీ గుర్తు తెచ్చుకో. వచ్చాక సంతకం అయిపోతే అంతా సర్దుకుంటుంది, సార్ కూడా కాగితాలు పట్టుకునే ఉన్నారు."

పక్కనుంచి నవ్వులాయన గొంతు కూడా వినబడింది. "అలాగే ఉండమనండి."

సైకిలక్క గుర్తు తెచ్చుకుంది. వాడు అడిగాడని కాదు, అలవాటు కొద్దీ. కాలేజీ ఫీజు కట్టిన రోజు, మోటారు బండి అడిగిన రోజు, పెళ్ళికి తన చేతి గాజులు తీసి ఇచ్చిన రోజు. ప్రతిసారీ నేల వాలింది. ప్రతిసారీ వాడు జారి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగాడు. వాలిన నేల మీద జారేవాడికి కష్టం ఏముంటుంది? ఏటవాలు చేసి పెట్టింది తను. ఇన్నేళ్ళూ తను తిడుతున్నాననుకుంది. నిజానికి దారి వేస్తోంది.

"ఒరేయ్" అంది.

"ఆ, అలా. తిట్టక్కా."

"నేను సంతకం పెట్టను."

"ముందు తిట్టు, తర్వాత చూద్దాం అక్కా."

"తిట్టను. పెట్టను. కొట్టు అమ్మను. నీ సగం నీదే, కావాలంటే వచ్చి కూర్చుని బెండు తీయడం నేర్చుకో. నీ సంచి రేవు ఏజెంటు దగ్గర ఉంటుంది. మాత్రలు తిన్నాక వేసుకో."

ఆమె ఆ మాటలు బజార్లో ధర చెప్పినట్టు చెప్పింది. చెప్తుండగానే కొలనులో నీళ్ళు ఆమె మోకాళ్ళ నుంచి పిక్కలకి, పిక్కల నుంచి చీలమండలకి దిగి, అవతలి గట్టుకి చేరి, పలకలా నిలిచాయి. ఆఫీసరమ్మ రెయిలింగు వదిలింది. తన టోపీ సరిచేసుకుని, "థాంక్సమ్మా" అని సంచి పట్టుకుని రేవుకి దిగే వంతెన వైపు పరుగెత్తింది. కింద తాళ్ళు విప్పుతున్న కేకలు వినిపించాయి. ఓడకీ గోడకీ మధ్య సన్నటి నీటి చార కనబడింది.

"అక్కా? అక్కా, నేల ఎలా ఉంది?" అంటున్నాడు తమ్ముడు.

ఆమె ఫోను మరదలికి ఇచ్చేసింది. మరదలు, "మట్టంగా ఉందండి" అని చెప్పి పెట్టేసింది.

టాక్సీ రేవులోకి వచ్చేసరికి నీటి చార వీధంత అయింది. ఇద్దరూ దిగి గట్టు చివరిదాకా పరుగెత్తారు. తమ్ముడు రెండు చేతులూ ఊపుతున్నాడు. నవ్వులాయన కాగితాల సంచి నేలకేసి కొట్టి, తమ్ముడి వైపు తిరిగి ఏదో అరుస్తున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆయన నవ్వడం లేదని తెలుస్తూనే ఉంది. తమ్ముడు గట్టు మీద బల్ల లాంటిదేదైనా పట్టుకోడానికి దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూశాడు. ఏమీ లేదు. ఎదురుగా ఉన్న మనిషి తిట్లు అయ్యాక ఏదీ ఇచ్చే రకం కాదు.

ఓడ ఇల్లు చేరిన వారానికి నవ్వులాయన పక్క వీధిలో షోరూము తెరిచాడని, తమ్ముడు అందులోనే రోజూ పొద్దున్నే చొక్కా నలగకుండా నిలబడి బళ్ళ గుణగణాలు చెప్తున్నాడని, జీవితంలో మొదటిసారి వాడు వేళకి లేస్తున్నాడని తర్వాత టీ కొట్టాయనే చెప్పాడు. అది తర్వాతి సంగతి.

ఓడ మలుపు తిరిగి గట్టు కనుమరుగయ్యాక సైకిలక్క కొలను గట్టున లేచి నిలబడి, రెండడుగులు వేసి, తూలింది. ఏళ్ళ తరబడి తన వాలుకి తనే ఎదురునిలిచి నడిచిన కాళ్ళకి మట్టపు నేల ఎక్కడుందో అందలేదు. మరదలు గబుక్కున వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"కళ్ళు తిరుగుతున్నాయా వదినా?"

"లేదు. నడవడం రావట్లేదు."

"మెల్లగా. నన్ను పట్టుకోండి. ఎడమ కాలు."

సైకిలక్క ఎడమ కాలు వేసింది.